ఏడో ఇల్లు

మా టైలరింగ్ షాపు వెనక ఒక పాత మట్టిల్లు ఉండేది. మొన్న వానలో దాన్ని కూల్చారు. సిద్దిపేటలో మట్టిల్లు కూలడం ఇప్పుడు వింతేమీ కాదు. ఆ జాగలో మూడంతస్తులు లేస్తాయి, కింద షట్టర్లు వేసి కిరాయికి ఇస్తారు. బ్లౌజుకు చేతులు కుడుతున్న నాకు ముందు తెలిసింది జేసీబీ చప్పుడు కాదు, వాసన. ఏళ్ల తరబడి గోడకు పట్టిన పొయ్యి పొగ, పేడ అలుకు, ఎలుకల బొరియలు, వీటన్నిటి మీద వాన నీళ్లు పడితే వచ్చే వాసన అది. మిషన్ తొక్కడం ఆపి, మెడలో టేపుతో అలాగే వెనక్కి పోయాను. "లోపలికి పోయి చూసిన్రా?" అని అడిగాను. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఖాళీ ఇల్లే అక్కా. కిరాయికున్నోళ్లు ఎప్పుడో పోయిన్రు" అన్నాడు. "ఇయ్యాల పొద్దుగాల చూసిన్రా అని అడుగుతున్న." ఆయన నవ్వాడు. "ఏముంటయక్కా, ఎలుకలు, పిల్లులు!" వచ్చి మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాను. ఆ పూట ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

నాకు రాజవ్వ గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా తప్పే, ఆమె మరిచిపోనిచ్చే మనిషి కాదు. మర్కూక్ దిక్కున ఉండే మా ఊరు ఇప్పుడు జలాశయం నీళ్ల కింద ఉంది. ఆ ఊళ్లో మా ఇంటికీ రాజవ్వ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. చుట్టరికం ఏమీ లేదు. మా అమ్మ పొద్దున్నే కూలికి పోతూ నన్ను గోడ మీంచి అటు అందించేది, సాయంత్రం వచ్చి ఇటు తీసుకునేది. అట్లా ఆమె నాకు పెద్దవ్వ అయింది. ఆమె భర్త కల్లు గీసేవాడు. ఒక ఎండాకాలం మోకు తెగి తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. అప్పటి నుంచి ఆమెకు మిగిలినవి ఒక ఇల్లు, ఒక నోరు, వచ్చీ పోయే పిల్లులు. ఊళ్లో ఆ నోటికి భయపడనివి ఆ పిల్లులే.

పిల్లులకు పేర్లు పెట్టడంలో రాజవ్వ పద్ధతి వేరు. ఆ సమయానికి ఎవరితో కొట్లాట నడుస్తుంటే వాళ్ల పేరే పెట్టేది. బోరింగు దగ్గర తన బిందె పక్కకు జరిపినందుకు ఒకావిడ పేరు, పాలల్లో నీళ్లు పోసినందుకు పాలు పోసే మల్లయ్య పేరు. కొట్లాట నాలుగు రోజుల్లో చల్లారేది, పిల్లికి పేరు మాత్రం ఉండిపోయేది. పొద్దున గట్క గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి, "ఓ మల్లిగా, దొంగనాకొడుకా, బువ్వకు రా" అని పిలిస్తే వాడకట్టులో సగం మంది నవ్వేవాళ్లు, సగం మంది పళ్లు కొరికేవాళ్లు. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది అక్కా" అని మా అమ్మ ఎత్తిపొడిచేది. "ఊరు మంచిదైతే నాకు పొద్దెట్ల పోతదే?" అనేది రాజవ్వ.

నేను చిన్న బడిలో ఉన్నప్పుడు మల్లిగాడు చచ్చిపోయాడు. పసుపుపచ్చటి గండుపిల్లి, ఊరంతా తిరిగినా మధ్యాహ్నానికి రాజవ్వ గడప మీద ఉండాల్సిందే. ఆ ఏడు మా నాయిన విత్తనానికి దాచిన పల్లికాయను ఎలుకలు తింటున్నాయని రొట్టె ముక్కల్లో మందు కలిపి మూలమూలన పెట్టాడు. మందు తిన్న ఎలుకను మల్లిగాడు తిన్నాడు. నోట్లోంచి నురగ కక్కుకుంటూ వచ్చి అదే గడప మీద పడిపోయాడు. రాజవ్వ మజ్జిగ పోసి చూసింది, చింతపండు నీళ్లు పోసి చూసింది. చివరికి చేసేదేమీ లేక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాని కాళ్లు కొట్టుకుంటుంటే పట్టుకుని, "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంటూ ఉంది. ఆమె నోట్లోంచి అంత మెత్తటి మాట రావడం నేనెప్పుడూ వినలేదు. నేను గోడ పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పుడే పొలం నుంచి వచ్చిన నాయిన నన్ను చూసి, "పిల్లి సస్తే ఏడుస్తరే, పిచ్చిదానా?" అన్నాడు.

గోడ అవతలి నుంచి రాజవ్వ జవాబు చెప్పింది. "ఏడ్వనీ నర్సిములూ. రేపు నువ్వు సస్తే ఏడ్వాలె గదా, గిప్పటిసంది నేర్సుకుంటున్నది."

మల్లిగాడిని తన భర్త తువ్వాలలో చుట్టి దానిమ్మ చెట్టు కింద పెట్టింది. తలమీద నీళ్లు పోసుకుంది. ఆ పూట పొయ్యి ముట్టించలేదు. మనిషి పోతే ఏమేం చేస్తారో అన్నీ చేసింది, పిల్లికి ఇవన్నీ ఏంటని నవ్విన వాళ్లను నవ్వనిచ్చింది. తర్వాత నాలుగు నెలలు మా నాయినతో మాట్లాడలేదు, కానీ రోజూ తిట్టింది. ఆ తిట్లు విని నాయిన, "పిల్లి శాపాలకు ఉట్లు తెగుతయా?" అని మీసం తిప్పేవాడు. అయితే మందు మళ్లీ ఎన్నడూ ఇంట్లోకి రాలేదు. గజ్వేల్ పోయి ఎలుకల బోను కొనుక్కొచ్చాడు. ఇక రాజవ్వ ఇంటికి వచ్చిన కొత్త పిల్లికి ఏం పేరు పెట్టిందో చెప్పక్కర్లేదు. మా నాయిన ఇటు వాకిట్లో అన్నం తింటుంటే, అటు నుంచి "నర్సిములూ, ఎలుకను పట్టుడు శాతకాదు గని పెరుగు నాకుతందుకు ముందుంటవు" అని వినపడేది. ఎన్నో ఏళ్లకు నాయిన గుండెనొప్పితో పోయినప్పుడు ఆ పిల్లి ఇంకా బతికే ఉంది. ఆ రోజు నుంచి రాజవ్వ దాన్ని పేరు పెట్టి పిలవలేదు.

నేను ఆమె దగ్గర నేర్చుకున్నది ఇదే. ఏడుపు వస్తే ఏడవాలి, కోపం వస్తే అనాలి, చచ్చినది ఎంత చిన్నదని కొలత వేయకూడదు. బట్టకే టేపు, దుఃఖానికి టేపు పనికిరాదు. నా మొదటి కాన్పులో బిడ్డ దక్కనప్పుడు, "చిన్న పాణమే కదా, మళ్లీ పుడతారు" అన్నవాళ్ల మధ్య కూర్చుని నేను నోరు తెరిచి ఏడ్చానంటే అది ఆమె చలవే. అప్పుడు కబురు తెలిసి సిద్దిపేట దాకా బస్సులో వచ్చి, నా మంచం పక్కన కూర్చుని, ఒక్క ఓదార్పు మాట అనకుండా నాతోపాటు ఏడ్చి పోయింది.

ఇన్ని పిల్లులను సాకిన మనిషి పిల్లి కూనలను మాత్రం చేత్తో ముట్టేది కాదు. తల్లిపిల్లి ఈనిన తర్వాత కూనలను నోట కరుచుకుని ఏడిళ్లు తిప్పుతుందని, ఏడో ఇల్లు మళ్లీ మొదలైన ఇల్లేనని, ఆ తిరుగుడు పూర్తయ్యేదాకా మనిషి చెయ్యి తగలకూడదని ఆమె నమ్మకం. ఊళ్లో అందరూ ఆ మాట అనేవాళ్లే కానీ ఆమెకు అది మాట కాదు. భర్త పోయిన ఏడాది ఒక పిల్లి ఆయన గొంగట్లో ఈనిందట. చూరు కారుతోందని ఆమె కూనలను ఎత్తి గంపలో పెట్టిందట. తల్లి వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కూనలు ఒక్కొక్కటే అరిచి అరిచి చనిపోయాయి. ఈ సంగతి చెప్పినప్పుడల్లా రాజవ్వ తన రెండు చేతులనూ తిప్పి చూసుకునేది.

ఊరు ఖాళీ చేయాలని ఖాయమైన ఏడాది ఆమె దగ్గర ఉన్న పిల్లి పేరు మేడం. టేపు పట్టుకుని ఇల్లు కొలవడానికి వచ్చిన ఒక మేడం, దానిమ్మ చెట్టున్న చోటు చూసి "ఇదంతా ఖాళీ జాగనే కదా" అన్నదట. అందులో ఎందరున్నారో రాజవ్వ వరసగా చెప్పిందట. ఆ కొలిచే మేడం వెళ్లిన వారానికి ఇంట్లో చేరిన బూడిదరంగు పిల్లికి ఆ పేరు పడింది. సరిగ్గా ఊరు కూల్చే రోజులకు మేడం నాలుగు కూనలు పెట్టింది, రాజవ్వ ఇంట్లో పాత వడ్ల గుమ్మి అడుగున.

అమ్మకు సామాను సర్దడంలో సాయానికి నేను సిద్దిపేట నుంచి వచ్చి ఉన్నాను. జనం ముందు ఇళ్ల మీది గూన పెంకులు దించుకున్నారు, తర్వాత దూలాలు, తర్వాత దర్వాజలు. అన్నీ ట్రాక్టర్లకెత్తి కొత్త కాలనీకి తరలించారు. ఖాళీ అయిన ఇంటిని అయినట్టే జేసీబీ పడగొడుతోంది. ఆ చప్పుడుకు మేడం ఒక పొద్దున కూనలను ఎత్తుకుని వెనకింటికి పోయింది. అక్కడి నుంచి ఇంకో ఇంటికి పోయింది. రాజవ్వ కాలుగాలిన పిల్లిలా దాని వెనక వాడవాడా తిరిగింది.

"గంపల ఏస్కొని కాలనీకి కొంటవోదాం పెద్దవ్వా. కూనలెంబడి తల్లి రాదా?" అన్నాను.

"నా చేతులతోని మల్ల సంపమంటవా?" అంది.

జేసీబీ నడిపే ఆయన పేరు యాదగిరి, అక్కన్నపేట దిక్కు మనిషి, నడివయసువాడు. మేడం ఉన్న ఇంటి మీదికి మిషన్ వస్తుంటే రాజవ్వ ఎదురుగా పోయి నిలబడి ఏడు తరాలను తిట్టింది. ఆయన ఇంజను ఆపి దిగాడు. సంగతంతా విన్నాడు. నవ్వుతాడేమో, ఈమె రాయి తీస్తుందేమో అని నేను భయపడ్డాను. ఆయన బీడీ ముట్టించి, "మా అవ్వ గూడ గిదే చెప్పేదవ్వా, ఏడిండ్లు అని" అన్నాడు. "రోజు పొద్దుగాల ఏ ఇంట్ల ఉన్నయో నాకు చెప్పు. గా ఇల్లు ముట్ట."

అట్లా ఊరు కూల్చడం ఒక పిల్లిని బట్టి సాగింది. పొద్దున్నే యాదగిరి వచ్చి, "అవ్వా, మేడం ఇయ్యాల ఏడుంది?" అని అడిగేవాడు. రాజవ్వ చూపించేది. ఆ ఇంటిని వదిలి పక్కింటిని పడగొట్టేవాడు. ఊరు పోతున్నందుకు అందరి మొహాలూ చచ్చిపోయి ఉన్న ఆ రోజుల్లో ఈ ముచ్చట ఒక్కదానికే మాకు నవ్వొచ్చేది. రాజవ్వ వేళ్ల మీద ఇళ్లు లెక్కపెడుతూ తిరిగేది. ఐదో ఇల్లు ఊరి చివరన సాయన్నది. "ఇంకొక్క ఇల్లు. అటెన్క నా తానికే వస్తది" అంది ఆ సాయంత్రం.

తన సామాను అప్పటికే కాలనీకి పంపేసి ఆ రాత్రి మా అరుగు మీద పడుకున్నప్పుడు ఆమెకు ఒక ఆలోచన తట్టింది. తెల్లవారి యాదగిరి రాగానే, "మేడం సాయన్న ఇంట్లనే ఉన్నది, నిన్న మాపటికి సూసిన. ఇయ్యాల నా ఇల్లు కూలగొట్టు" అంది. యాదగిరికి మనసొప్పలేదు. నీ ఇల్లు ఆఖరుకు ఉంచుతానన్నాను కదా అన్నాడు.

"గది కాదు యాదగిరీ. కుక్క మనిషిని నమ్ముకుంటది, పిల్లి ఇంటిని నమ్ముకుంటది. ఇల్లుంటే దాన్ల జొచ్చి కూసుంటది, నా ఎంబడి రాదు. అది మర్లి రాకముందుగాల్నే ఇల్లు లేకుంట జేస్తే, నన్ను ఎతుక్కుంట వస్తది. కూనలను తెచ్చి నా ముంగటనే పెడ్తది. ఆటోల ఎక్కించుకొని పోత."

తన ఇంటిని తానే కూల్పించుకుంది, పిల్లి కోసం. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి చూసింది. పెళ్లై వచ్చిన ఇల్లు అది, భర్త శవాన్ని దించిన ఇల్లు. ముందుగోడ వాకిట్లోకి ఒరిగింది, వెనకగోడ లోపలికి కూలింది. దుమ్ము లేచి మా కళ్లల్లో పడింది. కొంగుతో మొహం తుడుచుకుని, "అయిపాయె" అంది.

అప్పుడు వచ్చింది మేడం. కంచె కిందినుంచి, నోట్లో చుంచెలుకతో. మా ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా ఆ మట్టికుప్ప మీదికి ఎక్కి, ఎలుకను కింద పెట్టి, పిలవడం మొదలుపెట్టింది. కూనలున్న తల్లి పిలిచే పిలుపు వేరుగా ఉంటుంది, గొంతులోనే చిన్నగా. రాజవ్వ మొహంలో నెత్తురు లేదు. "సాయన్న ఇంటికి ఉరుకు" అంది నాతో. ఉరికాను. మూలన గోనెసంచి ఉంది, దాని మీద కూనల బొచ్చు ఉంది, కూనలు లేవు. ఏడు అన్న లెక్క మనుషులది. నిలబడి ఉన్న ఇళ్లే తగ్గిపోతున్న ఊళ్లో పిల్లి ఆ లెక్క ఎట్లా పూర్తిచేస్తుంది? చప్పుడుకు బెదిరి, తెల్లవారుజామున ఎప్పుడో కూనలను తనకు తెలిసిన చోటికే మోసుకొచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి రాజవ్వ రెండు చేతులతో తవ్వుతోంది. యాదగిరి కూడా మిషన్ వదిలేసి మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతున్నాడు, బకెట్ వేస్తే నలిగిపోతాయని. నేనూ, అమ్మా చేరాము. మట్టిగడ్డలు, విరిగిన వాసాలు, గుమ్మి బద్దలు. రాజవ్వ గోళ్లు లేచిపోయి నెత్తురు కారుతున్నా ఆమెకు తెలియలేదు. మొదట రెండు కూనలు దొరికాయి, ఒకదానికొకటి అతుక్కుని, ప్రాణం లేకుండా. మూడోదానికి ఊపిరి ఆడుతోంది. రాజవ్వ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఆమె పిల్లి కూనను ముట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కొంగుతో కళ్లల్లో మట్టి తుడిచింది, ముక్కులో మట్టి తీసింది, తీసుకెళ్లి మేడం ముందు పెట్టి వెనక్కి జరిగింది. మేడం వాసన చూసింది. తర్వాత నాకడం మొదలుపెట్టింది. తల, చెవులు, పొట్ట, మనిషి చెయ్యి తగిలిన ప్రతి చోటా నాకింది.

రాజవ్వ చూస్తూ ఉండిపోయింది. "ముట్టుకున్నా నాకుతున్నదే" అంది. ఆ మాట ఆమె ఎవరితో అందో తెలియదు. అంటే గంపలో వేసుకుని పోయినా సరిపోయేదే. ఎప్పుడైనా, ఏ ఇంటి నుంచైనా. మేడం నాకుతుండగానే ఆ కూన ఊపిరి ఆగిపోయింది.

నాలుగోది దొరకలేదు. పొద్దుగూకేదాకా తవ్వాము. మట్టినంతా ఇటు నుంచి అటు మార్చాము. మోసుకొచ్చేటప్పుడు దార్లో ఎక్కడన్నా వదిలిందేమో అని అమ్మ అంది. నక్క ఎత్తుకుపోయిందేమో అని ఇంకెవరో అన్నారు. రాజవ్వ ఎవరి మాటా వినలేదు. "నాలుగు. నా కండ్లతోని సూసిన. లోపట్నే ఉన్నది" అంది. మేడం మూడు రోజులు ఆ కుప్ప దిగలేదు, పట్టుకోబోతే గీరింది. నాలుగో పొద్దున కనిపించలేదు. ఆ తర్వాత మేము ఊరు వదిలేశాము. కొన్నాళ్లకు నీళ్లు వచ్చాయి.

కొత్త కాలనీలో రాజవ్వకు సిమెంటు ఇల్లు వచ్చింది. అక్కడ ఆమె ఎవరితోనూ కొట్లాడలేదు. పక్కవాళ్లు చెత్త ఈమె వాకిట్లో పోసినా ఊడ్చుకుని ఊరుకునేది. అది చూసి మా అమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఒకసారి నేను వెళ్లి ఉండగా యాదగిరి వచ్చాడు, సంచిలో తెల్లటి పిల్లి కూనను పెట్టుకుని. "తప్పు నాదే అవ్వా. దిగి ఒక్కపారి లోపట సూస్తే అయిపోతుండె" అన్నాడు.

"మిషిన్ నీది. మాట నాది" అంది రాజవ్వ. ఆయనకు చాయ పెట్టి ఇచ్చింది. కూన సంచిలోంచి తల బయటపెట్టి అరుస్తుంటే దాన్నే చూసింది కానీ చెయ్యి చాపలేదు. "తీస్కపో బిడ్డా. దీన్ని ముట్టుకోవాల్నో వద్దో నాకు తెలుస్తలేదు" అంది. నా పెద్దవ్వకు తెలియనిదంటూ ఒకటి ఉందని నేను విన్నది అప్పుడే. యాదగిరి కళ్లు తుడుచుకుంటూ సంచి ఎత్తుకుని పోయాడు.

మరుసటి చలికాలంలో రాజవ్వకు జ్వరం వచ్చింది, తగ్గలేదు. అమ్మ ఆటోలో తీసుకొస్తే సిద్దిపేట దవాఖానలో చేర్చాము. చివరి రెండు రోజులు ఆమె మమ్మల్ని గుర్తుపట్టలేదు. పట్టపగలు, వార్డు నిండా జనం, ఎవరిదో టిఫిన్ వాసన. రాజవ్వ పది వేళ్లతో దుప్పటిని గీరుతూ ఉంది. వంకర తిరిగి పెరిగిన గోళ్లు, ఆగకుండా, ఒకే చోట. నర్సమ్మ మంచిదే, "పెద్దోళ్లు ఆఖరుకు ఇట్లనే దుప్పటి పీకుతరు. చేతులు పట్టుకోండి, గీరుకుంటరు" అంది. పట్టుకోబోయాను. పట్టుకోలేకపోయాను. ఆమె ఏం చేస్తున్నదో ఆ వార్డులో నాకూ, అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. మంచానికి అటువైపు పోయి, నేల మీద మోకాళ్లు వేసి, ఆమెకు ఎదురుగా నేనూ నా పది వేళ్లతో ఆ దుప్పటిని తవ్వడం మొదలుపెట్టాను. పక్క మంచాల వాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను.

కాసేపటికి రాజవ్వ కళ్లు తెరిచింది. నన్ను కాదు, నా చేతులను చూసింది.

"దొరికిందా?" అంది.

దొరికిందంటే కళ్లు మూసేది. కానీ ఆమెతో అబద్ధం నేనెన్నడూ ఆడలేదు.

"ఇంకా తవ్వుతున్న పెద్దవ్వా" అన్నాను.

అదే ఆమె విన్న ఆఖరి మాట. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.